వస్తువు పోతే పోనివ్వండి, మనిషిని కాపాడుకోండి

(ఈ నెల ఆరోగ్య పాఠం)



బి.పి., షుగరు, బాలింతల ఆహారం, పిల్లల టీకాలు – ఇటువంటి విషయాలు మీరు ఈ పేజీలో చదువుతూ ఉంటారు. ఈ నెల పాఠం కొంచెం వేరు. గొలుసు దొంగలు, దారి కాచి కొట్టేవాళ్ళు, ఆడపిల్లల వెంటపడేవాళ్ళు – వీళ్ళ సంగతి పోలీసులు చూసుకోవాలి గాని నర్సులకు ఏమి సంబంధం అని మీకు అనిపించవచ్చు. సంబంధం ఉంది. దొంగ బండి మీద పారిపోతాడు. దెబ్బ తిన్న మనిషి క్యాజువాలిటీకి వస్తారు. గొలుసు కోసుకుపోయిన మెడ, రోడ్డు మీద ఈడ్చుకుపోయిన మోచేతులు, తుంటి ఎముక విరిగిన పెద్దావిడ – వీరికి కట్టు కట్టేది మేమే.

వార్డుల్లో ఇన్నేళ్ళు పనిచేసిన వారికి రెండు సంగతులు బాగా తెలుస్తాయి. మొదటిది: చాలామందికి పెద్ద గాయం దొంగ చేతి వల్ల కాక, వస్తువును వదలకుండా పట్టుకోవడం వల్ల అవుతుంది. రెండవది: దెబ్బ తగిలిన తరువాత “నలుగురికీ తెలిస్తే పరువు పోతుంది” అని ఇంట్లో దాచుకున్న గంటలే వైద్యానికి ఎక్కువ నష్టం చేస్తాయి. ఈ పాఠమంతా ఈ రెండు సంగతుల గురించే.

1. ఒక్క ప్రశ్న వేసుకోండి

ఎవరైనా మిమ్మల్ని అటకాయిస్తే మనసులో ఒక్క ప్రశ్న వేసుకోండి: వీడికి కావలసింది వస్తువా, మనిషా?

వస్తువైతే ఇచ్చేయండి. గొలుసైనా, ఫోనైనా, పర్సైనా సరే. బ్యాగును ఒక పక్కకు విసిరి మీరు రెండో పక్కకు పరుగెత్తండి. వాడు బ్యాగు వైపు వెళ్ళే ఆ నాలుగు క్షణాలు మీకు చాలు.

మనిషి కోసమే వచ్చి, చీకటి సందులోకి లాగడం, బండి ఎక్కమనడం వంటివి చేస్తే మాత్రం ఒక్క అడుగు కూడా వాడితో వేయవద్దు. అరవండి, పెనుగులాడండి, పరుగెత్తండి. నలుగురూ ఉన్న చోట ఏమీ చేయలేకనే వాడు మిమ్మల్ని ఎవరూ లేని చోటికి తీసుకుపోవాలని చూస్తున్నాడు.

“మంగళసూత్రం కదా సిస్టర్, ఎలా వదలమంటారు?” అని కొందరు తల్లులు అడుగుతారు. ఆ బాధ అర్థం చేసుకోదగినదే. కాని అది మెడలో వేసుకున్నది భర్తాపిల్లలతో చల్లగా బ్రతకడానికే గదా! కదులుతున్న మోటారు సైకిలు మీద కూర్చున్నవాడు గొలుసు లాగుతుంటే, మీరు దానిని పట్టుకుంటే, మీ ఒళ్ళంతా ఆ బండితో పాటే పోతుంది. తల రోడ్డుకు తగులుతుంది. అరవై దాటిన స్త్రీలలో ఎముకలు గుల్లబారి ఉంటాయి గనుక పక్కకు పడినంత మాత్రాన తుంటి విరగవచ్చు. తుంటి విరిగిన పెద్దవారు మంచాన పడితే పుండ్లు, న్యుమోనియా, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం వంటివి ఒకదాని వెంట ఒకటి వస్తాయి. నాలుగు కాసుల గొలుసు కోసం ఇంత మూల్యం చెల్లించవద్దు.

2. గొలుసు దొంగలు ఏ వేళ వస్తారు, ఎలా వస్తారు

సాధారణంగా ఇద్దరు వస్తారు. ఒకడు బండి నడుపుతాడు, వెనుక కూర్చున్నవాడు చెయ్యి వేస్తాడు. తెల్లవారుజామున వాకిలి ఊడ్చి ముగ్గు వేసే వేళ, ఉదయం సాయంత్రం నడకకు వెళ్ళే వేళ, పెండ్లి నుండో ప్రార్థన కూటం నుండో నగలతో తిరిగి వచ్చే వేళ వారికి అనుకూలం. కొందరు “ఈ అడ్రసు ఎక్కడమ్మా?” అని కాగితం చూపించి దగ్గరకు పిలుస్తారు.

ఈ జాగ్రత్తలు ఖర్చు లేనివి:

• రోడ్డు మీద నడిచేటప్పుడు ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా కుడి పక్కన నడవండి. వెనుక నుండి వచ్చే బండి మీ పక్కకు రాదు.

• గొలుసు పైట లోపలికి వేసుకొని, పైట భుజం చుట్టూ కప్పుకోండి. నడకకు వెళ్ళేటప్పుడు నగలు ఇంట్లో పెట్టండి.

• అడ్రసు అడిగితే రెండు బారల దూరం నుండే చెప్పండి. తెలియకపోతే “తెలియదు” అని కదలండి. మర్యాద తక్కువేమీ కాదు.

• నడుస్తూ ఫోను చూడవద్దు. రెండు చెవులలో ఇయర్ ఫోన్లు పెట్టుకుంటే వెనుక బండి చప్పుడు వినబడదు.

• బ్యాంకులో డబ్బు తీసుకుంటే అక్కడే లెక్కపెట్టి లోపల పెట్టుకోండి. తోడు తీసుకువెళ్ళండి. దారిలో ఆగకుండా నేరుగా ఇంటికి రండి.

ఇక బలం వాడకుండా మాటలతో దోచుకునేవారు ఉన్నారు. “మీ పది రూపాయల నోట్లు క్రింద పడ్డాయి”, “మీ చొక్కా మీద ఏదో పడింది” అని చెప్పి మీరు వంగగానే సంచి మాయం చేస్తారు. “బంగారానికి మెరుగు పెడతాం” అని ఇంటికి వచ్చి గాజులను యాసిడ్ కలిపిన నీళ్ళలో ముంచుతారు. నగ తళతళలాడుతుంది గాని బంగారంలో కొంత ఆ నీళ్ళలో కరిగి వారి వెంట పోతుంది. మరికొందరు మామూలు దుస్తుల్లో ఉండి “మేము పోలీసులం, ముందు వీధిలో దొంగతనం జరిగింది, నగలు తీసి రుమాలులో మూట కట్టుకోండి” అంటారు. మూట కట్టడంలో సాయం చేసి, నగలు తీసుకొని రాళ్ళ మూట చేతిలో పెడతారు. నిజమైన పోలీసులు నడిరోడ్డు మీద మీ నగలు తీయించి మూట కట్టించరు. అలా అన్నవారితో “స్టేషనుకు వెళ్దాం పదండి” అని గట్టిగా అనండి, చుట్టూ ఉన్నవారిని పిలవండి.

3. రైలులో, బస్సులో

ప్రయాణంలో పరిచయమైనవారు ఇచ్చే బిస్కట్లు, టీ, కూల్ డ్రింకు, పండ్లు తీసుకోవద్దు. ఎంత మంచివారుగా కనబడినా, వెంట చంటిబిడ్డ ఉన్నా సరే. నిద్రమాత్రల పొడి, కొన్ని చోట్ల ఉమ్మెత్త గింజల పొడి కలిపి ఇచ్చి దోచుకోవడం చాలా పాత పద్ధతి. “ఇప్పుడే తిన్నానండి” అని నవ్వుతూ చెబితే ఎవరి మనసూ నొచ్చుకోదు. మీ సీసాను వదిలి వెళ్ళి తిరిగి వస్తే ఆ నీళ్ళు పారబోయండి.

పక్క ప్రయాణికుడు ఎంత లేపినా లేవకపోతే, లేదా నోరు ఎండిపోయి, కంటిపాపలు పెద్దవై, ఒళ్ళు కాలిపోతూ పొంతన లేని మాటలు మాట్లాడుతుంటే “త్రాగి ఉన్నాడు” అని వదిలేయవద్దు. ఆ రెండో రకం లక్షణాలు ఉమ్మెత్తవి. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మజ్జిగ, నిమ్మరసం, ఉప్పునీరు నోట్లో పోయవద్దు. స్పృహ లేని మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తిన్నదాని కాగితం, మిగిలిన ముక్క దాచి డాక్టరుకు చూపించండి. రైలులో అయితే 139కు ఫోన్ చేయండి.

ఆటో ఎక్కేముందు బండి నంబరు ఫోటో తీసి ఇంటికి పంపండి. “ఆ అన్నయ్యా, ఆటో ఎక్కాను, పావుగంటలో వస్తాను” అని డ్రైవరుకు వినబడేలా ఫోనులో చెప్పండి. ముందే ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు కూర్చున్న ఆటోలో రాత్రివేళ ఒంటరిగా ఎక్కవద్దు.

4. రాత్రి డ్యూటీ, ట్యూషన్, ఆరాధన నుండి తిరిగి వచ్చేవారికి

మన ఇళ్ళలో నర్సులు, దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలు, కాలేజీ పిల్లలు చీకటి పడ్డాక తిరిగి వచ్చేవారే. డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిసేసరికి అర్ధరాత్రి దాటుతుంది. రాత్రిపూట బయట ఉండడం తప్పు కాదు. ఆడపిల్ల అయినా బ్రతుకుతెరువు కోసం వెళ్ళక తప్పదు.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ టోల్ ప్లాజా దగ్గర జరిగిన ఘోరం మీ అందరికీ తెలుసు. స్కూటరు టైరులో గాలి పోయిందని చెప్పి, సాయం చేస్తామని వచ్చినవారే ఆ యువ పశువైద్యురాలిని బలి తీసుకున్నారు. ఆమె తప్పు ఏమీ లేదు. చెల్లెలికి ఫోన్ చేసి తన భయం చెప్పింది కూడా. వెదుక్కుంటూ వెళ్ళిన కుటుంబాన్ని “ఇది మా పరిధి కాదు” అని స్టేషన్ల మధ్య తిప్పారు. ఆలస్యం చేసినందుకు ముగ్గురు పోలీసు సిబ్బంది సస్పెండ్ అయ్యారు. మనం నేర్చుకోవలసినవి రెండు. బండి ఆగిపోతే బండిని అక్కడే వదిలి, వెలుతురు, మనుషులు ఉన్న చోటికి ముందు వెళ్ళాలి. భయం అనిపించిన క్షణంలోనే ఇంటికీ, 112కూ రెండు చోట్లకూ ఫోన్ చేయాలి. ఏదైనా జరిగేవరకు ఆగనవసరం లేదు.

112 దేశమంతటికీ ఒకటే నంబరు. పోలీసు, అంబులెన్సు, అగ్నిమాపక దళం మూడింటికీ పనిచేస్తుంది. చాలా స్మార్ట్ ఫోన్లలో పవర్ బటన్‌ను వెంటవెంటనే నొక్కితే ఈ నంబరుకు కాల్ వెళ్తుంది. మీ ఫోనులో ఎలా పెట్టుకోవాలో ఇంట్లో పిల్లల చేత ఈ రోజే చూపించుకోండి. వెంటపడి వేధించే వారి గురించి కూడా ఓర్చుకుంటూ కూర్చోవద్దు. 2014 అక్టోబరు 24న హైదరాబాదులో మొదలైన షీ టీమ్స్ ఇటువంటి ఫిర్యాదుల కోసమే ఏర్పడ్డాయి.

5. మీద పడిన క్షణంలో

భయంతో గొంతు పెగలకపోవడం, కాళ్ళు కదలకపోవడం సహజం. అది పిరికితనం కాదు, శరీర ధర్మం. అందుకే ముందుగా ఇంట్లో ఒకసారి గట్టిగా అరిచి చూసుకోవాలి. నవ్వుకోవద్దు, నిజంగానే చెబుతున్నాను.

• “రక్షించండి” అని అందరినీ పిలిస్తే ఎవరో ఒకరు వస్తారులే అని ఎవరికి వారే ఆగిపోతారు. ఒక్కరిని పట్టి పిలవండి: “నీలం చొక్కా అన్నా, 112కు ఫోన్ చెయ్యి!” “కొట్టు బాబాయ్, ఇటు రండి!”

• వాడు మీ మణికట్టు పట్టుకుంటే, వాడి బొటనవ్రేలు ఉన్న వైపుకు చేతిని ఒక్కసారిగా త్రిప్పి లాగండి. పట్టులో బలహీనమైన చోటు అదే.

• వెనుక నుండి పట్టుకుంటే మడమతో పాదం మీద బలంగా తొక్కండి, మోచేతితో పొట్టలో పొడవండి. ఎదురుగా ఉంటే ముక్కు, కళ్ళు, మర్మాంగం మీద కొట్టండి. కొట్టి గెలవాలని కాదు, విడిపించుకొని పరుగెత్తడానికి.

• కారం పొడి గాలికి మన కళ్ళలోనే పడవచ్చు. దానినే నమ్ముకొని ఉండవద్దు. ఈలకు, గొంతుకు గాలితో పనిలేదు.

• వాడి చేతిలో కత్తి ఉంటే కత్తిని పట్టుకోవద్దు. అరచేతి నరాలు తెగితే వ్రేళ్ళు మళ్ళీ మామూలుగా ముడవడం కష్టం.

ప్రాణానికి, మానానికి ముప్పు వచ్చినప్పుడు తనను తాను కాపాడుకోవడానికి కొట్టే హక్కును చట్టం ఇచ్చింది. భారతీయ న్యాయ సంహితలో 34 నుండి 44 వరకు సెక్షన్లు దాని గురించే చెబుతాయి. కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతవరకే. దొంగ లొంగిపోయాక పదిమంది కలిసి కొట్టడం ఆత్మరక్షణ కాదు.

చూస్తున్నవారికి కూడా ఒక మాట. దొంగల చేతిలో గాయపడి దారి పక్కన పడిపోయిన మనిషి కథ మన సంఘాల్లో తెలియని వారుండరు. ఇప్పటి దారుల్లో ప్రక్కగా పోయేవారు ఫోనులో వీడియో తీస్తూ పోతున్నారు. ఆ ఫోనుతోనే ముందు 112కు చెప్పండి.

6. గాయమైతే – ఆసుపత్రికి చేరేలోపు

*రక్తం కారుతుంటే:* శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద గట్టిగా అదిమి పట్టండి. పది నిమిషాలపాటు తీసి చూడవద్దు. గుడ్డ తడిస్తే దాని మీదే మరో గుడ్డ వేయండి. పసుపు, కాఫీ పొడి, పేస్టు పెట్టవద్దు.

*కత్తి గుచ్చుకొని ఉంటే:* పీకవద్దు. అది లోపల తెగిన రక్తనాళాన్ని మూసి ఉంచుతుంది. కదలకుండా చుట్టూ గుడ్డలు పెట్టి తీసుకురండి. పొట్టలో నుండి ప్రేగులు బయటికి వస్తే లోపలికి నెట్టవద్దు. శుభ్రమైన తడిగుడ్డ కప్పండి. నోటికి నీళ్ళు కూడా ఇవ్వవద్దు.

*తలకు దెబ్బ తగిలితే:* “రక్తం రాలేదు, ఏమీ కాలేదు” అనుకోవద్దు. మొదటి 24 గంటలు కనిపెట్టి ఉండండి. వాంతులు, పెరిగే తలనొప్పి, మగత, తడబడే మాట, ముక్కు చెవుల నుండి నీరు లేక రక్తం, మూర్ఛ – వీటిలో ఏది కనబడినా అర్ధరాత్రయినా తీసుకురండి.

*గొంతు నులిమి ఉంటే:* దీనిని ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. మెడ మీద గుర్తు లేకపోయినా లోపల వాపు రావచ్చు, మెదడుకు రక్తం తీసుకుపోయే నాళం చిరగవచ్చు. ప్రమాదం కొన్ని గంటల తరువాత బయటపడుతుంది. గొంతు మారడం, మింగలేకపోవడం, ఆయాసం, కళ్ళలో ఎర్రటి చుక్కలు, కాసేపు స్పృహ తప్పడం – వీటిలో ఏదైనా ఉంటే వెంటనే రావాలి. గర్భిణి అయితే లక్షణాలు లేకపోయినా రావాలి.

*యాసిడ్ పడితే:* ఆ క్షణం నుండే నీళ్ళు పోయాలి. పంపు నీళ్ళు, బోరు నీళ్ళు, ఏవైనా సరే, ఇరవై నిమిషాలకు తగ్గకుండా ధారగా పోయాలి. తడిసిన బట్టలు కత్తిరించి తీయండి. నగలు తీయండి. కంట్లో పడితే ఆ కన్ను క్రిందికి ఉండేలా తల వంచి కడగండి, రెండో కంట్లోకి పోకుండా. నూనె, వంటసోడా, ఆయింటుమెంటు వద్దు. రుద్దవద్దు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద జరిగిన దాడి తరువాత అందరికీ భయం తెలిసింది గాని, నీళ్ళే మొదటి మందు అనే సంగతి ఇంకా చాలామందికి తెలియదు.

*మనిషి కొరికితే:* చిన్న గాయమే గదా అనుకోవద్దు. సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టరుకు చూపించండి. ధనుర్వాతం టీకా, ఒక్కోసారి హెపటైటిస్-బి టీకా అవసరమవుతాయి.

అంబులెన్సుకు 108.

7. అత్యాచారం జరిగితే – దాచవద్దు, ఆలస్యం చేయవద్దు

తల్లిదండ్రులు ఈ భాగాన్ని రెండుసార్లు చదవాలని నా మనవి. ఇటువంటి బిడ్డను ఇంటికి తెచ్చి, తలారా స్నానం చేయించి, బట్టలు ఉతికి, తలుపు వేసుకుని ఏడవడం మన ఇళ్ళలో జరుగుతూ ఉంటుంది. ప్రేమతోనే చేస్తారు. కాని దాని వల్ల సాక్ష్యం పోతుంది, చికిత్స గడువు కూడా దాటిపోతుంది.

హెచ్.ఐ.వి. సోకకుండా ఇచ్చే మందులు 72 గంటలలోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. 28 రోజులు వాడాలి. గర్భం రాకుండా ఇచ్చే అత్యవసర మాత్ర కూడా మూడు రోజులలోపు వేసుకుంటే ఎక్కువ ఫలితం ఉంటుంది. సుఖవ్యాధులకు, ధనుర్వాతానికి, హెపటైటిస్-బికి కూడా చికిత్స ఉంది. కనుక స్నానం చేయించకుండా, వీలైతే బట్టలు మార్చకుండా తీసుకురండి. మార్చినట్లయితే ఆ బట్టలను కాగితం సంచిలో తెండి. ప్లాస్టిక్ కవరులో తడికి బూజు పడుతుంది. స్నానం చేసేసినా, రోజులు గడిచిపోయినా ఫరవాలేదు, రండి. చికిత్స ఇంకా ఉంటుంది.

ప్రభుత్వ ఆసుపత్రి గాని ప్రైవేటు ఆసుపత్రి గాని, అత్యాచార బాధితులకూ యాసిడ్ దాడి బాధితులకూ వెంటనే ఉచితంగా వైద్యం చేయాలని చట్టం ఉంది. ఇది 2013 నుండి ఉన్నదే. ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 397వ సెక్షన్. ఆసుపత్రి వారు పోలీసులకు తెలియజేయాలి. అయినా పరీక్ష చేయడానికి బాధితురాలి అంగీకారం అవసరం. పరీక్ష వద్దన్నా చికిత్స ఆపకూడదు. రెండు వ్రేళ్ళ పరీక్ష చేయకూడదని సుప్రీంకోర్టు 2022 అక్టోబరు 31న మరొకసారి గట్టిగా చెప్పింది. బాధితురాలి పేరు బయటపెట్టడం నేరం. ప్రార్థన విన్నపంగా కూడా నలుగురిలో ఆ పేరు చెప్పవద్దు.

జిల్లాల్లో సఖి కేంద్రాలు ఉన్నాయి. వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కొన్నాళ్ళు తలదాచుకునే చోటు అక్కడ దొరుకుతాయి. 181కు ఫోన్ చేస్తే దారి చూపిస్తారు.

8. డాక్టరుకు నిజం చెప్పండి, పోలీసులకు ఫిర్యాదు చేయండి

“మెట్ల మీద నుండి పడ్డానండి” – ఇది క్యాజువాలిటీలో తరచుగా వినే మాట. గాయాన్ని చూస్తే అది మెట్ల దెబ్బ కాదని తెలిసిపోతుంది. దాడి వల్ల అయిన గాయమని చెబితే డాక్టరు దానిని మెడికో లీగల్ కేసుగా రాసి, గాయం కొలతలు, రంగు, సమయం నమోదు చేస్తారు. రేపు కోర్టులో మీ తరపున మాట్లాడేది ఆ కాగితమే. కేసు అని రాస్తే వైద్యం ఆగిపోతుందని భయపడవద్దు. ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు కాగితాలు తరువాత అని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు ఇచ్చింది.

2024 జూలై 1 నుండి అమలులో ఉన్న కొత్త చట్టం ప్రకారం మీరు ఏ స్టేషనుకు వెళ్ళినా ఫిర్యాదు తీసుకోవాలి. నేరం వేరే స్టేషను పరిధిలో జరిగినా సరే. దీనినే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఉచితంగా ఇవ్వాలి. గొలుసులు లాక్కోవడం కూడా ఇప్పుడు విడిగా ఒక నేరం. భారతీయ న్యాయ సంహిత 304వ సెక్షన్ క్రింద మూడేళ్ళ వరకు జైలు, జరిమానా ఉన్నాయి. యాసిడ్ పోసి శాశ్వతంగా గాయపరచినవారికి 124వ సెక్షన్ క్రింద పదేళ్ళకు తగ్గని శిక్ష ఉంది.

దొంగ ముఖం గుర్తులేకపోయినా పోయిన వైపు, బండి రంగు, నంబరులో రెండు అంకెలు, చొక్కా – గుర్తున్నది వెంటనే కాగితం మీద రాసుకోండి. ఫోను పోతే సంచార్ సాథీ పోర్టల్‌లో దానిని పనిచేయకుండా ఆపించవచ్చు. దానికి 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. నంబరు కావాలి. ఇప్పుడే ఫోనులో *#06# నొక్కి ఆ నంబరును ఇంట్లో పుస్తకంలో రాసి పెట్టుకోండి.

9. భయపడవలసింది ఎవరికి?

పరాయి మనిషి అంటేనే అనుమానించడం మన పిల్లలకు నేర్పుతున్నాం. అది సగం పాఠమే. దేశంలో ఏటా ప్రకటించే నేర నివేదికల ప్రకారం అత్యాచారం కేసుల్లో పదిలో తొమ్మిదికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవారే – చుట్టాలు, ఇరుగుపొరుగు, స్నేహితులు. కనుక పిల్లలకు “తెలియనివాళ్ళతో వెళ్ళకు” అని చెప్పి ఊరుకోవద్దు. “ఎవరైనా సరే, మావయ్యయినా, మాస్టారయినా, సంఘంలో పెద్దయినా, నీకు ఇష్టం లేకుండా ముట్టుకుంటే అమ్మకు చెప్పు, నిన్ను కొట్టను” అని చెప్పండి. ఆ చివరి మాట చాలా అవసరం. పిల్లల కోసం 1098 ఉంది.

ఇంకో పక్క, వాట్సాప్‌లో వచ్చినదల్లా నమ్మవద్దు. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న అబద్ధపు వార్తలు నమ్మి తెలుగు రాష్ట్రాల్లో అమాయకులను పట్టుకొని కొట్టారు, కొందరు చనిపోయారు. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు గ్రామాల్లో పాటలతో, డప్పులతో అది అబద్ధమని చెప్పించారు. బిచ్చగాడినో, భాష రాని కూలీనో, మతి స్థిమితం లేనివాడినో కొట్టడం జాగ్రత్త కాదు, నేరం. అనుమానం వస్తే 112కు చెప్పండి. చెయ్యి మాత్రం ఎత్తవద్దు.

10. గాయం మానిన తరువాత

కుట్లు విప్పిన తరువాత కూడా కొందరికి నిద్ర పట్టదు. బండి చప్పుడు వింటే ఉలిక్కిపడతారు. వాకిట్లోకి రారు, ఊరికే కోపం వస్తుంది. ఇది గాలి సోకడం కాదు, బలహీనత కాదు. పెద్ద భయం తరువాత మనసు కోలుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. “గొలుసు ఎందుకు వేసుకున్నావు? ఆ వేళప్పుడు ఎందుకు వెళ్ళావు?” అనే ప్రశ్నలు ఆ గాయాన్ని మళ్ళీ రేపుతాయి. “నువ్వు క్షేమంగా ఇంటికి వచ్చావు, అది చాలు” అనండి. నెల దాటినా తగ్గకపోతే డాక్టరును కలవండి. టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

గోడ మీద అంటించుకోండి

అత్యవసరం – 112
అంబులెన్సు – 108
మహిళలకు – 181
పిల్లలకు – 1098
రైలులో – 139
మానసిక ఆరోగ్యం – 14416

ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి

1. మన వీధిలో చీకటిగా ఉండే చోటు ఏది? దీపం కోసం పంచాయతీకి గాని మునిసిపాలిటీకి గాని ఎవరు అర్జీ రాస్తారు?

2. ఇంట్లో ప్రతివారికీ కనీసం రెండు ఫోను నంబర్లు చూడకుండా చెప్పడం వచ్చా? పోయిన ఫోనులో నంబర్లు ఎన్ని ఉన్నా లాభం లేదు.

3. నాయనమ్మ మెడలో గొలుసు ఎవరైనా లాగితే ఆమె ఏమి చేయాలి? ఆమె చేతనే చెప్పించండి. “వదిలేస్తాను” అని ఆమె నోటితో వచ్చే వరకు అడగండి.

4. మన అమ్మాయి గాని అబ్బాయి గాని ఏదైనా జరిగిందని వచ్చి చెబితే, మన నోట వచ్చే మొదటి మాట ఏమిటి?

నాలుగవ ప్రశ్నకు జవాబు ఈ రోజే సిద్ధం చేసుకోండి. తిట్టే ఇంట్లో పిల్లలు ఏమీ చెప్పరు. చెప్పకపోతే వైద్యం చేసే గడువు దాటిపోతుంది. బంగారం మళ్ళీ చేయించుకోవచ్చు. ఇంటి మనిషి క్షేమంగా ఇంటికి చేరడం ముఖ్యం.

– నర్సింగ్ సూపరింటెండెంట్